సింగపూర్‌లో ఆర్బిట్రేషన్, ఇండియా చట్టం అని కాంట్రాక్టులో ఉంది. ఇంతకీ ఏ చట్టం నడుస్తుంది?

భీమవరం_ఎక్స్‌పోర్ట్
మాది చిన్న రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్. సింగపూర్ పార్టీ ఒకరు చాన్నాళ్ళుగా మా దగ్గర కొంటున్నారు. 2023 డిసెంబరులో పంపిన కంటైనర్ దగ్గర పేచీ వచ్చింది. 31/40 సైజు వనామి. సరుకు అక్కడ దిగాక గ్లేజింగ్ (రొయ్యల మీద ఐసు పూత) ఎక్కువుంది, ఐసు కరిగించి తూస్తే నెట్ వెయిట్ తగ్గిందని మెయిల్ పెట్టి బ్యాలెన్స్ ఆపేశారు. ఎనభై లక్షల పైమాటే. అప్పటినుంచి వచ్చే ఆర్డర్లో సర్దుదాం, ఆ పై ఆర్డర్లో సర్దుదాం అని సాగదీస్తున్నారు. ఇక్కడ బ్యాంకువాళ్ళేమో ఎగుమతి డబ్బు వచ్చిందో లేదో చూసే ఆర్‌బీఐ సిస్టం ఈడీపీఎంఎస్‌లో ఎంట్రీ క్లోజ్ కాలేదని ఫోన్ల మీద ఫోన్లు.

కాంట్రాక్టు రెండు పేజీలు. అందులో గొడవల గురించి ఉన్నవి రెండే లైన్లు. ఈ కాంట్రాక్టుకు భారతదేశ చట్టాలు వర్తిస్తాయని ఒకటి. వివాదాలు ఏవొచ్చినా సింగపూర్‌లో, అప్పటికి అమల్లో ఉన్న ఎస్ఐఏసీ (సింగపూర్ ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్ సెంటర్) రూల్స్ ప్రకారం ఆర్బిట్రేషన్‌లో, అంటే కోర్టుకు బదులు మధ్యవర్తి దగ్గర, తేల్చుకోవాలని ఇంకొకటి.

మా ఊరి లాయరు గారు ఇండియా చట్టం అని రాసుకున్నారు కదా, ఇక్కడే దావా వేసేద్దాం అంటున్నారు. హైదరాబాద్‌లో ఒకాయన్ని అడిగితే సింగపూర్ వెళ్ళక తప్పదన్నారు. మా బావమరిది అయితే ఇలాంటి వాటికి ఇంగ్లండ్ చట్టమే అంటాడు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు.

దిల్‌సుఖ్‌నగర్_దిలీప్
బావమరిది మాట వినొద్దు. ఇది ఏ దేశ చట్టంలోనైనా వర్తిస్తుంది.

ప్లీడరు_గారు
ఏదో ఒకటే చట్టం ఉంటుందనుకోవడం దగ్గరే చిక్కంతా వస్తోంది. మీ రెండు లైన్లూ రెండు వేరు వేరు పనులు చేస్తున్నాయి.

గ్లేజింగ్ ఎంతుండాలి, బరువు తగ్గితే కొన్నవాడు సరుకు తిప్పి పంపాలా, డబ్బు కోసుకోవచ్చా, వడ్డీ ఎంత. ఇవన్నీ అసలు తగాదా. వీటికి భారత చట్టమే. అంటే 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం, 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం. సింగపూర్‌లో కూర్చున్న ఆర్బిట్రేటర్ కూడా ఆ పుస్తకాలే తెరవాలి.

కానీ ఆర్బిట్రేషన్ ఎలా నడవాలి, మధ్యలో ఏ కోర్టు కలగజేసుకోవచ్చు, అవార్డు (ఆర్బిట్రేటర్ తీర్పు) నచ్చకపోతే కొట్టేయమని ఎక్కడ అడగాలి, ఇవి సీటు ఉన్న చోటి చట్టం చూసుకుంటుంది. మీ సీటు సింగపూర్. కాబట్టి వాళ్ళ ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్ చట్టం, వాళ్ళ కోర్టులు. మన 1996 ఆర్బిట్రేషన్ చట్టంలో సెక్షన్ 2(2) చూడండి, మొదటి భాగం భారత్‌లో జరిగే ఆర్బిట్రేషన్లకు అని స్పష్టంగా ఉంది.

భీమవరంలో దావా వేస్తే అవతలివాళ్ళు సెక్షన్ 45 కింద ఒక్క పిటిషన్ పెడతారు. ఆర్బిట్రేషన్ ఒప్పందం చెల్లనిదని తేలితే తప్ప కోర్టు మిమ్మల్ని అక్కడికే పంపిస్తుంది. కోర్టు ఫీజు, వాయిదాలు మీకు మిగులుతాయి.

ఆటోనగర్_లారీ
సీటు అంటే కూర్చునే చోటా? మరి నాకు చెన్నై నుంచి ఆర్బిట్రేషన్ కాగితం వచ్చింది, నేనెప్పుడూ చెన్నై వెళ్ళి కూర్చోలేదు.

ప్లీడరు_గారు
@ఆటోనగర్_లారీ మీది వేరే కథ, దానికి తర్వాత వస్తాను. సీటు అంటే చట్టపరంగా ఆర్బిట్రేషన్‌కి సొంతూరు. మనుషులు ఎక్కడ కూర్చున్నా ఫర్వాలేదు, జూమ్‌లో జరిగినా ఫర్వాలేదు.

పాత_కాపు
నేను ప్రభుత్వ రంగ సంస్థలో కాంట్రాక్టుల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ప్లీడరు గారు అంత తేలిగ్గా సింగపూర్ సీటు అని తేల్చేయడం నాకు నచ్చలేదు. క్లాజులో సీటు అన్న మాట ఎక్కడుంది? సింగపూర్‌లో ఆర్బిట్రేషన్ అనే ఉంది. అది వెన్యూ, అంటే విచారణకు కూర్చునే చోటు మాత్రమే కావచ్చు కదా. కాంట్రాక్టు మొత్తానికి భారత చట్టం అని రాశాక, అందులో భాగమైన ఆర్బిట్రేషన్ క్లాజుకీ భారత చట్టమే. 2025 మార్చిలో సుప్రీంకోర్టు డిసార్తో, మెరిల్ కేసులో ఇదే చెప్పింది. కొలంబియా కంపెనీ, గుజరాత్ కంపెనీ. ఆర్బిట్రేషన్ బొగోటాలో అని రాసుకున్నారు, అయినా ఆర్బిట్రేటర్‌ని మన సుప్రీంకోర్టే వేసింది. ఎంచక్కా ఇక్కడే అడగొచ్చు.

ప్లీడరు_గారు
@పాత_కాపు ఆ కేసు నేనూ చదివాను. అందులో కాంట్రాక్టుకు భారత చట్టం అనడంతో ఆగలేదు, గుజరాత్ కోర్టులకే అధికారం అని కూడా రాసుకున్నారు. రెండు క్లాజులు ఒకదాన్నొకటి తన్నుకుంటుంటే కోర్టు సర్దింది. ఇక్కడ భీమవరం కోర్టు అనో, అమరావతి అనో ఎక్కడా లేదు.

ఇంకా దగ్గరి కేసు మంకాస్తు, ఎయిర్‌విజువల్. 2020 మార్చి. అందులో భారత చట్టం అని ఉంది, ఢిల్లీ కోర్టులకు అధికారం అని కూడా ఉంది. అయినా ఆర్బిట్రేషన్ హాంకాంగ్‌లో నడుస్తుంది, హాంకాంగే స్థలం అని ఉండటంతో సీటు హాంకాంగే అన్నారు. ఆర్బిట్రేటర్‌ని వేయమని ఇక్కడ పెట్టిన పిటిషన్ కొట్టేశారు. అంతకు మూడు నెలల ముందు, 2019 డిసెంబరులో, బీజీఎస్ సోమా కేసులో కూడా సూత్రం ఇదే. ఆర్బిట్రేషన్ మొత్తం ఫలానా ఊళ్ళో అని రాసి, దానికి అడ్డొచ్చే మాట ఇంకెక్కడా లేకపోతే ఆ ఊరే సీటు.

ఎల్‌ఎల్‌ఎం_సెకండియర్
ఇద్దరూ చెరో ప్రశ్నకు జవాబు చెబుతున్నారు సార్ 🙂 పాత కాపు గారు చెప్పేది ఆర్బిట్రేషన్ క్లాజుకు ఏ చట్టం అని. ప్లీడరు గారు చెప్పేది ప్రొసీజర్‌కు ఏ చట్టం అని. కాంట్రాక్టుకు ఒక చట్టం, ఆర్బిట్రేషన్ క్లాజుకు ఒకటి, ప్రొసీజర్‌కు ఒకటి, ఇలా మూడు పొరలు ఉన్నాయి, మూడూ ఒకే దేశానివి కానక్కర్లేదు.

మధ్య పొర, అంటే క్లాజు చట్టం మీద ప్రపంచమంతా కొట్టుకుంటోంది. క్లాజు చెల్లుతుందా, ఎవరెవర్ని కట్టేస్తుంది, ఏ తగాదాలు దాని కిందికొస్తాయి, వీటికి ఆ చట్టం కావాలి. 2020లో ఎన్కా కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు, కాంట్రాక్టుకు ఎంచుకున్న చట్టమే మామూలుగా క్లాజుకూ వర్తిస్తుంది అంది. దాని మీద అక్కడ ఎంత గోల జరిగిందంటే, 2025లో పార్లమెంటే కొత్త చట్టం తెచ్చి, విడిగా రాసుకోకపోతే సీటు చట్టమే అని తేల్చేసింది. ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. మన దగ్గర అలాంటి సెక్షనే లేదు, కేసు కేసుకీ తవ్వుకోవాలి.

సింగపూర్ కోర్టులు మామూలుగా కాంట్రాక్టు చట్టం వైపే మొగ్గుతాయి, కానీ అలా చూస్తే ఆర్బిట్రేషనే కూలిపోయేట్టుంటే సీటు వైపు తిరుగుతాయి. 2023లో షాదీ డాట్ కామ్ వ్యవస్థాపకుడి కేసులో అదే జరిగింది. కంపెనీలో వాటాదారులను అణచివేశారనే తరహా గొడవలు మన చట్టం ప్రకారం ఆర్బిట్రేషన్‌కి వెళ్ళవు, వాళ్ళ చట్టం ప్రకారం వెళ్తాయి. క్లాజుకు సింగపూర్ చట్టం అని చెప్పి ఆర్బిట్రేషన్‌ని నిలబెట్టారు.

దిల్‌సుఖ్‌నగర్_దిలీప్
పెళ్ళిళ్ళు కుదిర్చేవాళ్ళకే ఏ ఇంట్లో పంచాయితీ పెట్టాలో తెలియలేదు. రొయ్యలాయన పాపం ఎంత.

భీమవరం_ఎక్స్‌పోర్ట్
చదువుతుంటే టెన్షన్ పెరుగుతోంది గానీ తగ్గట్లేదు. ఆ మధ్య పొర ఇండియానా సింగపూరా అన్నది నా ఎనభై లక్షలకు తేడా తెస్తుందా?

ఎల్‌ఎల్‌ఎం_సెకండియర్
మీ కేసులో దాదాపు తేడా రాదు. అమ్మిన సరుకుకు డబ్బు రాలేదన్న తగాదా ఏ దేశ చట్టంలోనైనా ఆర్బిట్రేషన్‌కి వెళ్తుంది.

పాత_కాపు
అదీ సంగతి. ముందే ఆ ముక్క చెబితే పోయేది. అయినా నా అభిప్రాయం నాదే. ఆ క్లాజు డ్రాఫ్ట్ చేసినవాడిని పట్టుకుని అడగాలి.

భీమవరం_ఎక్స్‌పోర్ట్
డ్రాఫ్ట్ చేసింది వాళ్ళే. మేం ధర, సైజు, షిప్‌మెంట్ తేదీ చూసి సంతకం పెట్టాం.

కోనసీమ_కుర్రోడు
మా ఊళ్ళో జరిగిందే చెబుతా. ఎస్.యానాం దగ్గర రవ్వ చమురు క్షేత్రం తెలుసుగా, సముద్రంలో బావులు, ఒడ్డున టెర్మినల్. 1994 అక్టోబరు 28న కేంద్రం, ఓఎన్‌జీసీ, వీడియోకాన్, మరి రెండు విదేశీ కంపెనీలు కలిసి రాసుకున్న ఒప్పందం. కాంట్రాక్టుకు భారత చట్టం. ఆర్బిట్రేషన్ క్లాజుకు మాత్రం ఇంగ్లండ్ చట్టం, అని విడిగా రాశారు. ఆర్బిట్రేషన్ జరగాల్సింది కౌలాలంపూర్‌లో. కోనసీమ నూనెకి మూడు దేశాల చట్టాలు!

2003లో సార్స్ వచ్చింది. కౌలాలంపూర్‌లో పెట్టుకున్న హియరింగ్ ఆమ్‌స్టర్‌డామ్‌కి, అక్కణ్ణుంచి లండన్‌కి మారింది. తర్వాత సీటు లండన్‌కి మారిపోయిందా లేదా అని పెద్ద వాదన. మనుషులు వెళ్ళినంత మాత్రాన సీటు వెళ్ళదు, ఒప్పందం సవరిస్తే తప్ప మారదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో ఇంకోటి. క్లాజుకు ఇంగ్లండ్ చట్టం పెట్టుకున్నారు కాబట్టి ఢిల్లీ హైకోర్టుకు ఇందులో పని లేదు అంది. కాబట్టి @ఎల్‌ఎల్‌ఎం_సెకండియర్ మధ్య పొర ఒక్కోసారి బాగానే కరుస్తుంది.

@భీమవరం_ఎక్స్‌పోర్ట్ మీ బావమరిది ఈ కేసు ఎక్కడో విని ఉంటాడు.

భీమవరం_ఎక్స్‌పోర్ట్
వాడు అమలాపురంలోనే ఉంటాడు 😄

ప్లీడరు_గారు
రవ్వ మంచి ఉదాహరణ. దానికి రెండో అంకం ఉంది. అదే ఒప్పందం మీద ఇంకో తగాదా, అభివృద్ధి ఖర్చులు ఎంతవరకు రాబట్టుకోవచ్చని. 2011 జనవరిలో కంపెనీల వైపు అవార్డు వచ్చింది, 27 కోట్ల డాలర్ల పైచిలుకు. కేంద్రం మలేసియాలో హైకోర్టు, అప్పీలు కోర్టు, ఫెడరల్ కోర్టు అన్నీ ఎక్కింది, 2016 దాకా. ఎక్కడా పని జరగలేదు. ఈలోగా 2014లోనే కంపెనీలు ఆ అవార్డును అమలు చేయమని ఢిల్లీ వచ్చాయి. 2020 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అమలుకు సరే అంటూ, ఏ దశలో ఏ చట్టమో విడమరిచి రాసింది. తగాదాకి భారత చట్టం, క్లాజుకి ఇంగ్లండ్ చట్టం, కొట్టేయాలా వద్దా అన్నదానికి మలేసియా చట్టం, అమలుకి మళ్ళీ భారత చట్టం. ఈ విషయం మీద ఒక్క తీర్పు చదవాలంటే అది చదవండి. ఆ బెంచిలో, 2023లో మన ఏపీ గవర్నర్ అయిన అబ్దుల్ నజీర్ గారు కూడా ఉన్నారు.

శీను_సింగపూర్
నేను ఇక్కడే ఇరవై ఏళ్ళుగా ట్రేడింగ్‌లో ఉన్నా. మీరంతా చట్టాలు చూస్తున్నారు, నేను ఆస్తి ఎక్కడుందో చూస్తా. కొన్నవాడి బ్యాంకు ఖాతా, గోడౌన్, సరుకు అన్నీ సింగపూర్‌లో. సింగపూర్ సీటుతో వచ్చిన అవార్డు సింగపూర్ హైకోర్టులో అమలు చేయించడం ఎంత సులువు! భీమవరం డిక్రీ పట్టుకుని ఇక్కడికొస్తే మళ్ళీ ఇంకో తంతు. వాళ్ళు రాసిన క్లాజు మీకే కలిసొచ్చింది బ్రదర్.

ఖర్చు గురించి భయపడతారేమో. 2025 జనవరి నుంచి ఎస్ఐఏసీ కొత్త రూల్స్ వచ్చాయి. పది లక్షల సింగపూర్ డాలర్ల లోపు తగాదాలకి స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి ఉంది. ఒకే ఆర్బిట్రేటర్, మామూలుగా కాగితాల మీదే, ఆర్బిట్రేటర్ కుదిరాక మూడు నెలల్లో అవార్డు. మీ ఎనభై లక్షలు ఆ గీతకు చాలా కిందే. టికెట్ కొనక్కర్లేదు.

హైదరాబాదీ_పద్మ
ఎస్ఐఏసీ అంటేనే సింగపూర్ చట్టం అని మా ఆఫీసులో అందరూ అనుకుంటారు.

ఎల్‌ఎల్‌ఎం_సెకండియర్
కాదండీ. అమెజాన్, ఫ్యూచర్ గొడవ గుర్తుందా? రూల్స్ ఎస్ఐఏసీవి, సీటు న్యూఢిల్లీ, చట్టం మనది. ఎస్ఐఏసీ వేసిన ఎమర్జెన్సీ ఆర్బిట్రేటర్ ఉత్తర్వును మన చట్టంలోని సెక్షన్ 17 కింద అమలు చేయొచ్చని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు అంది. సంస్థ వేరు, సీటు వేరు.

దీనికి తిరగేసిన కేసు కూడా అదే ఏడాది వచ్చింది. పీఏఎస్ఎల్, జీఈ. ఒకరు అహ్మదాబాద్, ఒకరు చెన్నై, ఇద్దరూ భారతీయ కంపెనీలే. సీటు జ్యూరిక్. హియరింగ్ జరిగింది ముంబైలో. ఇద్దరు భారతీయులు విదేశంలో సీటు పెట్టుకోవచ్చా అంటే నిక్షేపంగా పెట్టుకోవచ్చు అన్నారు.

ఆటోనగర్_లారీ
చెన్నై ఆయన, అహ్మదాబాద్ ఆయన గొడవపడి జ్యూరిక్ పేరు రాసుకుని ముంబైలో కూర్చున్నారు. నా చెన్నై కాగితం ఇప్పుడు చాలా దగ్గరగా అనిపిస్తోంది.

హైదరాబాదీ_పద్మ
హైదరాబాద్ వాళ్ళకి బాగా తెలిసిన సత్యం కేసు ఎవరూ ఎత్తలేదేం? సత్యం కంప్యూటర్స్, అమెరికా వెంచర్ గ్లోబల్ కలిసి 1999లో సగం సగం వాటాతో ఇక్కడ కంపెనీ పెట్టారు. మిషిగన్ చట్టం, లండన్ సంస్థ ఆధ్వర్యంలో ఆర్బిట్రేషన్. 2006లో వెంచర్ తన వాటాలు సత్యానికి ఇచ్చేయాలని అవార్డు వచ్చింది. సత్యం దాన్ని అమలు చేయమని మిషిగన్ కోర్టుకి వెళ్తే, వెంచర్ వాళ్ళు వచ్చి సికింద్రాబాద్ సిటీ సివిల్ కోర్టులో దావా వేశారు! ఇక్కడి వాటాలు మార్చాలంటే విదేశీ మారక చట్టం ఫెమా అడ్డొస్తుంది, ఈ అవార్డు మన చట్టానికి విరుద్ధం అని. 2008 జనవరిలో సుప్రీంకోర్టు, అవును, విదేశీ అవార్డును కూడా ఇక్కడ కొట్టేయమని అడగొచ్చు అంది. మరి రొయ్యల ఆయన ఇక్కడ ఎందుకు వేయకూడదు?

పాత_కాపు
పద్మ గారు బాగా గుర్తు చేశారు. నేను చెప్పేదీ అదే.

ప్లీడరు_గారు
ఆ తలుపు మూసేశారండీ. 2002 నాటి భాటియా తీర్పు ప్రకారం విదేశీ ఆర్బిట్రేషన్లకు కూడా మన చట్టం మొదటి భాగం వర్తించేది, పార్టీలు వద్దనుకుంటే తప్ప. సత్యం కేసు దాని మీద నిలబడింది. 2012 సెప్టెంబరు 6న బాల్కో కేసులో అయిదుగురు జడ్జీలు ఆ లైను మొత్తం పక్కన పెట్టారు. ఆ తేదీ తర్వాత రాసుకున్న ఒప్పందాలకు, సీటు బయట ఉంటే, ఇక్కడ కోర్టులో కొట్టేయమని అడిగే దారి లేదు. రొయ్యల కాంట్రాక్టు 2012 ముందుదా?

భీమవరం_ఎక్స్‌పోర్ట్
కాదు, 2022లో సంతకం పెట్టింది.

ప్లీడరు_గారు
అయితే అంతే. ఒక్క కిటికీ మాత్రం 2015 సవరణలో తెరిచారు. సీటు విదేశంలో ఉన్నా, వద్దని రాసుకోకపోతే, సెక్షన్ 9 కింద మధ్యంతర ఉత్తర్వు ఇక్కడ అడగొచ్చు. అది కూడా హైకోర్టులో, జిల్లాలో కాదు. ఆ కంపెనీకి ఇండియాలో ఆస్తో, వేరే ఎక్స్‌పోర్టర్ దగ్గర డిపాజిట్టో ఉందా?

భీమవరం_ఎక్స్‌పోర్ట్
నాకు తెలిసి ఏమీ లేదు.

ప్లీడరు_గారు
అయితే దానివల్ల కూడా ఒరిగేదేమీ లేదు. శీను గారి మాటే సరైనది. ఇప్పుడు ఎవరూ అడగని అసలు ప్రశ్న నేనడుగుతాను. డబ్బు ఎప్పటికి రావాల్సింది?

భీమవరం_ఎక్స్‌పోర్ట్
డాక్యుమెంట్లు అందిన ముప్పై రోజుల్లో. అంటే 2024 జనవరి చివర అనుకోండి. శీను గారు కేసు వేయడానికి ఆరేళ్ళు టైం ఉంటుందని ప్రైవేటు మెసేజ్ పెట్టారు, అందుకే కాస్త నిమ్మళంగా ఉన్నా.

శీను_సింగపూర్
ఇక్కడ కాంట్రాక్టు కేసులకి ఆరేళ్ళే. నా కేసులో అదే లెక్క వేశారు.

ప్లీడరు_గారు
మీ కాంట్రాక్టుకి సింగపూర్ చట్టం ఉండి ఉంటుంది శీను గారూ. ఈయనకి భారత చట్టం. మన లిమిటేషన్ చట్టం 1963 ప్రకారం సరుకు డబ్బుకి మూడేళ్ళు. సీటు సింగపూర్ కదా, వాళ్ళ గడువు వాడుకుందాం అంటే కుదరదు. 2012లో సింగపూరే ఒక చట్టం చేసింది. తగాదాకి విదేశీ చట్టం వర్తిస్తే గడువు కూడా ఆ విదేశీ చట్టానిదే లెక్క. ఆర్బిట్రేషన్లకీ అది వర్తిస్తుంది. కాబట్టి ఆరేళ్ళ మాట మర్చిపోండి. ఏ చట్టం అన్న ప్రశ్న మీ ఎనభై లక్షలకి నిజంగా తగిలేది ఇక్కడే.

ఎల్‌ఎల్‌ఎం_సెకండియర్
ఇది నాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు.

దిల్‌సుఖ్‌నగర్_దిలీప్
క్లాసుకు వెళ్తే కదా.

భీమవరం_ఎక్స్‌పోర్ట్
వచ్చే ఆర్డర్లో సర్దుతాం అని వాళ్ళు మెయిల్స్ పెట్టారు. అప్పు ఒప్పుకున్నట్టే కదా, గడువు పెరగదా?

ప్లీడరు_గారు
లిమిటేషన్ చట్టం సెక్షన్ 18 ఉంది. గడువు లోపల రాతపూర్వకంగా, సంతకంతో బాకీ ఒప్పుకుంటే అప్పటినుంచి కొత్త లెక్క. కానీ మీ మెయిల్లో బాకీ ఒప్పుకున్నారా, లేక బేరం ఆడుతున్నారా? పైన ‘వితౌట్ ప్రెజుడిస్’ (మా హక్కులు వదులుకోకుండా) అని ఉంటే అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు. ఆ మెయిల్స్ దాచుకోండి, కానీ వాటి మీద భరోసా పెట్టుకుని ఆగొద్దు. మామూలు లీగల్ నోటీసు పంపి చేతులు కట్టుకుని కూర్చోవద్దు కూడా. ఎస్ఐఏసీకి నోటీస్ ఆఫ్ ఆర్బిట్రేషన్ చేరిన రోజునే ఆర్బిట్రేషన్ మొదలైనట్టు లెక్క.

శీను_సింగపూర్
లోడింగ్ ముందు మూడో పార్టీ ఇన్‌స్పెక్షన్ చేయించారా? డీగ్లేజ్ చేసి తూచిన రిపోర్టు ఉండాలి.

భీమవరం_ఎక్స్‌పోర్ట్
ఉంది. లాట్ వారీగా గ్లేజ్ శాతం, నెట్ వెయిట్ అన్నీ రాసిన సర్టిఫికెట్. వాళ్ళు పంపింది మాత్రం ఫోటోలే. ఒక బ్లాక్ పళ్ళెంలో కరుగుతూ, పక్కన కాటా. కాటా మీద అంకె కూడా కనపడదు.

పాత_కాపు
చట్టాల మాట ఎలా ఉన్నా, ఆ సర్టిఫికెట్ ఉంటే సగం కేసు గెలిచినట్టే. మన సరుకుల అమ్మకం చట్టంలో సెక్షన్ 42 కూడా చూపించండి. సరుకు తీసుకుని, వద్దనకుండా ఉంచేసుకుంటే ఒప్పుకున్నట్టే. నష్టం అడగొచ్చేమో గానీ మొత్తం బ్యాలెన్స్ బిగపట్టడానికి లేదు.

ఆటోనగర్_లారీ
నా సంగతి తర్వాత వస్తానన్నారు ప్లీడరు గారూ. లారీ ఫైనాన్స్. వాయిదాలు ఆగాయి. వాళ్ళే ఆర్బిట్రేటర్‌ని పెట్టుకున్నారు, చెన్నైలో. నోటీసు వచ్చింది, పట్టించుకోలేదు. ఇప్పుడు అవార్డు కాపీ వచ్చింది. విజయవాడ కోర్టులో వేయొచ్చా?

ప్లీడరు_గారు
ఇద్దరూ ఇక్కడివాళ్ళే, కాబట్టి ఏ దేశం అన్న గొడవ లేదు. అగ్రిమెంటులో సీటు చెన్నై అని ఉంటే కొట్టేయమనే పిటిషన్ చెన్నైలోనే. కానీ పాయింటు బలంగా ఉంది. తగాదాలో ఉన్న పార్టీ తనంతట తానే ఏకైక ఆర్బిట్రేటర్‌ని వేయడం చెల్లదని 2019లో పెర్కిన్స్ కేసులో చెప్పారు. గొడవ వచ్చాక మీరు రాతపూర్వకంగా ఒప్పుకుని ఉంటే తప్ప. ఏమైనా సంతకం పెట్టారా?

ఆటోనగర్_లారీ
లోన్ తీసుకున్నప్పుడు పెట్టినవే. తర్వాత ఏమీ పెట్టలేదు.

ప్లీడరు_గారు
లోన్ రోజున పెట్టిన సంతకాలు దీనికి పనికిరావు. అవార్డు కాపీ చేతికందిన రోజు నుంచి మూడు నెలలు. కారణం చూపిస్తే ఇంకో ముప్పై రోజులు, ఆపైన ఒక్క రోజు కూడా ఇవ్వరు. కవరు పారేయలేదు కదా? పోస్టల్ ముద్ర తేదీ చూసి ఇక్కడ పెట్టండి.

ఆటోనగర్_లారీ
కవరు మా ఆవిడ దగ్గరుంది, లారీ దిగాక ఫోటో పెడతా. ఇప్పుడు నెల్లూరు దాటాను.

భీమవరం_ఎక్స్‌పోర్ట్
మా ఊరి లాయరు గారికి ఈ థ్రెడ్ చూపించాను. దావా ఆలోచన మానేశారు, కానీ సింగపూర్ నోటీసు తనే డ్రాఫ్ట్ చేస్తానంటున్నారు. శీను గారూ, అక్కడ ఫైలింగ్ ఫీజు ఎంతుంటుందో లింకు పెడతారా? బ్యాంకులో రేపు అడుగుతారు.